నీటి అంచున లిఫ్ట్, అలలు: ఏ లెక్క ఎప్పుడు పనికొస్తుంది?

హైడ్రోఫాయిల్ (నీటిలో కదులుతూ పడవను పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, ఇచ్చే రెక్క) డిజైన్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు: "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?" ఆ ప్రశ్న రెండో రోజుకు వాయిదా వేసుకోండి. మొదటి రోజు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ వస్తువుకు పైనున్న నీటి ఉపరితలం ఎలా కనిపిస్తోంది? గట్టి గోడలాగానా, ఏ ఒత్తిడినీ ఆపుకోలేని పలుచని పొరలాగానా, లేక మీ శక్తిని అలలుగా మార్చి వెనక్కి మోసుకుపోయే యంత్రంలాగానా? ఈ మూడింటికీ మూడు రకాల లెక్కలున్నాయి. ఒకదానికి సరిపోయే పద్ధతి ఇంకోదాని దగ్గర తప్పు జవాబు ఇస్తుంది, అదీ చాలా నమ్మకంగా ఇస్తుంది.

ఇది తేల్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు. రెండు సంఖ్యలు చాలు.

మొదటిది అల పొడవు. లోతైన నీటిలో స్థిర వేగంతో వెళ్లే వస్తువు వెనక, దాని వేగంతోనే కదిలే అడ్డ అలలు ఏర్పడతాయి. వేగాన్ని వర్గం చేసి, గురుత్వ త్వరణం 9.81తో భాగించి, 6.28తో గుణిస్తే ఆ అల పొడవు వస్తుంది. సెకనుకు 3 మీటర్ల వేగంలో అది సుమారు 5.8 మీటర్లు. 8 మీటర్ల వేగంలో 41 మీటర్లు. రెండోది లోతు ఆధారంగా లెక్కించే ఫ్రౌడ్ సంఖ్య. వేగాన్ని, గురుత్వ త్వరణాన్నీ లోతునూ గుణించగా వచ్చిన దాని వర్గమూలంతో భాగించాలి. అర మీటరు లోతున ఉన్న రెక్కకు ఇది 1 అయ్యే వేగం సెకనుకు 2.2 మీటర్లు.

ఈ సంఖ్య 0.5 కంటే తక్కువగా ఉంటే ఉపరితలం గోడలా ప్రవర్తిస్తుంది, అలలు లెక్కలోకి రానంత చిన్నవి. 3 దాటి, అల పొడవు రెక్క పొడవుకు (ఒక కొస నుంచి మరో కొసకు) ఎన్నో రెట్లు ఉంటే ఉపరితలం పలుచని పొరే. ఈ రెండింటి మధ్య ఉంటే అలలే అసలు కథ.

ఈ వ్యాసమంతా వాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు వరకు వెడల్పు 0.5 మీటర్లు, లోతు కూడా 0.5 మీటర్లు, లిఫ్ట్ గుణకం (వేగం, సైజులతో సంబంధం లేకుండా లిఫ్ట్‌ను కొలిచే సంఖ్య) 0.5. ఒకసారి 3 మీటర్ల వేగంతో, ఒకసారి 8 మీటర్ల వేగంతో నడుపుదాం.

ప్రతిబింబ పద్ధతి: కాగితం మీద లెక్క

రెక్కను నీటిలో ఒక సుడిగా భావించి, ఉపరితలానికి అవతల, అంతే ఎత్తులో, దానికి ఒక ప్రతిబింబాన్ని ఊహించుకోవడమే ఈ పద్ధతి. తిరకాసంతా ఆ ప్రతిబింబం గుర్తులో ఉంది. గోడ అనుకుంటే ప్రతిబింబంలోని సుడి వ్యతిరేక దిశలో తిరుగుతుంది, రెక్క దగ్గర ప్రవాహం వేగం పుంజుకుంటుంది, లిఫ్ట్ కొంచెం పెరుగుతుంది. పలుచని పొర అనుకుంటే సుడి అదే దిశలో తిరుగుతుంది. రెండు రెక్కల పాత విమానంలో కింది రెక్క పరిస్థితే మీ రెక్కదీ: ప్రవాహం నెమ్మదిస్తుంది, లిఫ్ట్ తగ్గుతుంది. గుర్తు తప్పు పెడితే పెరగాల్సిన చోట తగ్గుతుంది, తగ్గాల్సిన చోట పెరుగుతుంది. రెండు జవాబులూ చూడ్డానికి సబబుగానే ఉంటాయి కాబట్టి తప్పు బయటపడదు.

అనంతమైన పొడవున్న పలుచని రెక్కకు ఈ లెక్క ఒక్క లైనులో అయిపోతుంది. లోతును వెడల్పుతో భాగించి, వర్గం చేసి, 16తో గుణించండి. వచ్చిన సంఖ్యకు 1 కలిపి పైన, 2 కలిపి కింద పెట్టి భాగించండి. పలుచని పొర కింద లిఫ్ట్ ఎంత మిగులుతుందో అదే. లోతు వెడల్పుకు సమానమైతే 17ను 18తో భాగించాలి, అంటే దాదాపు 94 శాతం. సగం లోతులో 83 శాతం. పావు లోతులో 67 శాతం. ఉపరితలాన్ని తాకేసరికి సరిగ్గా సగం. ఈ చివరి విలువ నాకు ప్రత్యేకంగా ఇష్టం. నీటి మీద జారే పలకకు ఒక్క కింది వైపే తడుస్తుంది కదా, దాని లిఫ్ట్ పూర్తిగా మునిగిన రెక్కలో సగం ఉండాలన్న సహజమైన ఊహకు ఇది చక్కగా అతుకుతుంది.

కానీ ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "6 శాతమే కదా తగ్గింది" అని తృప్తిపడతారు. నిజమైన రెక్కకు పొడవుంటుంది, కొసల దగ్గర సుడులుంటాయి. ఆ సుడులకూ ప్రతిబింబం ఉంటుంది. వాటి ప్రభావం ఎంత దూరం పాకుతుందో నిర్ణయించేది వెడల్పు కాదు, పొడవు. వెడల్పుకు 8 రెట్ల పొడవున్న రెక్క ఒక వెడల్పు లోతున ఉంటే, రెండు రెక్కల విమానాల కోసం ప్రాంటల్ ఇచ్చిన సూత్రం ప్రకారం లిఫ్ట్ వల్ల పుట్టే డ్రాగ్ (వెనక్కి లాగే నిరోధం) దాదాపు 40 శాతం పెరుగుతుంది. లిఫ్ట్‌లో 6 శాతం నష్టాన్ని కోణం కాస్త పెంచి సరిచేసుకోవచ్చు, డ్రాగ్‌లో 40 శాతం మాత్రం మోటారు సైజునే మార్చేస్తుంది.

దీన్ని మూడు కొలతల్లో చేయాలంటే, రెక్కను చిన్న సుడుల వలగా చూసే వోర్టెక్స్ లాటిస్ పద్ధతి వాడండి. మార్క్ డ్రెలా రాసిన ఏవీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో నిలువు సౌష్ఠవానికి ఒక సెట్టింగ్ ఉంది. 1 పెడితే గోడ, మైనస్ 1 పెడితే స్థిర ఒత్తిడి ఉపరితలం. మన 8 మీటర్ల వేగానికి కావాల్సింది మైనస్ 1. ఇన్‌పుట్ ఫైల్‌లో ఒక్క అంకె మార్చితే చాలు, జవాబు సెకన్లలో వస్తుంది.

నీటికి పైన ఎగిరే వస్తువుల సంగతి ఇంకా సులువు. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రం కాబట్టి, నీటిని ఆనుకుని ఎగిరే విమానం రెక్కకు ఆ ఉపరితలం దాదాపు గోడే. ప్రశాంతమైన నీటి మీద గోడ ప్రతిబింబం పెట్టుకుని ముందుకెళ్లండి.

అలలు లెక్కలోకి వచ్చినప్పుడు

గోడకూ పలుచని పొరకూ మధ్యనున్న ప్రాంతానికి కూడా చేతి లెక్క ఉంది, దాన్ని తప్పకుండా ముందు వేయండి. రెక్కను ఒకే ఒక్క సుడిగా అనుకుంటే, వెనక పుట్టే అల ఎత్తు, ఆ అలల వల్ల కలిగే డ్రాగ్ రెండూ సిద్ధాంతం నుంచి నేరుగా వస్తాయి. మన రెక్క 3 మీటర్ల వేగంతో వెళ్తే, మీటరు పొడవుకు లిఫ్ట్ సుమారు 1,125 న్యూటన్లు, అలల డ్రాగ్ 50 న్యూటన్లకు కాస్త ఎక్కువ. అంటే లిఫ్ట్‌లో 4.6 శాతం. 8 మీటర్ల వేగంలో లిఫ్ట్ 8,000 న్యూటన్లు, డ్రాగ్ 130 దగ్గర, అంటే 1.6 శాతం. మెల్లగా వెళ్లినప్పుడే అలల వాటా ఎక్కువ! మొదటిసారి చూసినవాళ్లు లెక్క తప్పిందనుకుంటారు. తప్పలేదు. ఒకే బరువును మోసే రెక్కకు ఈ డ్రాగ్ గరిష్ఠానికి చేరేది లోతు ఫ్రౌడ్ సంఖ్య 1 దగ్గర. హైడ్రోఫాయిల్ పడవ పైకి లేచేముందు ఆయాసపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఆ శాతానికి ఇంకో అర్థం కూడా ఉంది. 4.6 శాతం అంటే రెక్క దగ్గర ప్రవాహం సుమారు 2.6 డిగ్రీలు కిందికి వంగిందని. మీరు పెట్టిన యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్క ప్రవాహంతో చేసే కోణం) 5 డిగ్రీలైతే సగం అక్కడే పోయింది. అయితే ఈ లెక్క అనంతమైన పొడవున్న రెక్కకు. 8 మీటర్ల వేగంలో అల పొడవు 41 మీటర్లు, రెక్క పొడవేమో 3, 4 మీటర్లు అనుకోండి. అంత చిన్న రెక్క అంత పెద్ద అలను అనంతమైన రెక్కలాగా నిలబెట్టలేదు. అందుకే వేగం ఎక్కువున్నప్పుడు రెండు కొలతల అల లెక్క నష్టాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది, మూడు కొలతల ప్రతిబింబమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

పడవ దేహం విషయానికొస్తే పలుచని పడవ సిద్ధాంతం ఉంది. మెల్‌బోర్న్‌కు చెందిన గణితవేత్త జాన్ హెన్రీ మిచెల్ 1898లో ఇచ్చిన ఇంటిగ్రల్ అది. సన్నని, పొడవాటి దేహాలకు, ముఖ్యంగా కాటమరాన్ లాంటి వాటికి, అలల నిరోధాన్ని ఇప్పటికీ ఆశ్చర్యపోయేంత బాగా చెబుతుంది. కాకపోతే అందులో సర్క్యులేషన్ (లిఫ్ట్‌ను పుట్టించే సుడి ప్రవాహం) లేదు. ఏటవాలుగా కదిలే దేహం మీద పక్క బలం గానీ, కీల్ (పడవ అడుగున నిలువుగా ఉండే రెక్క) మీద లిఫ్ట్ గానీ దాన్ని అడగొద్దు.

ప్యానెల్ పద్ధతులు: రెండు దారులు, ఒక ఉచ్చు

దేహాన్ని చిన్న పలకలుగా విడగొట్టి ప్రవాహాన్ని లెక్కించే ప్యానెల్ పద్ధతుల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో, పలక మీద ఉంచే మూలమే (నీటిని చిమ్మే ఊహాజనిత బిందువు) ఉపరితల నియమాన్ని తనలో ఇముడ్చుకుని ఉంటుంది. హావ్‌లాక్ పేరుతో పిలిచే మూలాలు ఇవే. ఉపరితలం మీద పలకలు అక్కర్లేదు, అలలు ఎంత దూరమైనా అరగకుండా వెళ్తాయి. కానీ ఆ మూలాన్ని లెక్కించడం కష్టం, పైగా అలలు చిన్నవనే ఊహ మీదే అంతా నిలబడుతుంది. లోతుగా మునిగిన రెక్కకు, టార్పెడో లాంటి దేహానికి ఇది బాగా నప్పుతుంది.

రెండో రకంలో సాదా ర్యాంకిన్ మూలాలు వాడి, దేహం మీదే కాకుండా నీటి ఉపరితలం మీద కూడా పలకలు పరుస్తారు. 1977లో డాసన్ చూపిన దారి ఇది. అలలు వస్తువు ముందుకు పోకుండా, వెనక్కే పోయేలా ఉపరితలం మీద మార్పులను ఎగువ వైపు బిందువులతోనే లెక్కించడం అందులోని కీలకమైన ఉపాయం. ఉపరితలాన్ని మళ్లీ మళ్లీ సరిచేస్తూ పోతే పెద్ద అలలను కూడా పట్టుకోవచ్చు. ఖర్చేమిటంటే, ఒక అల పొడవులో కనీసం 20 పలకలైనా ఉండాలి, లేకపోతే అల తనంతట తానే అరిగిపోతుంది. వేగం తగ్గేకొద్దీ అల పొడవు వేగం వర్గంతో పాటు పడిపోతుంది కాబట్టి పలకల సంఖ్య పెరుగుతూనే పోతుంది.

ఈ రెండింటిలో నన్ను ఎంచుకోమంటే, ఉపరితలాన్ని చీల్చుకుంటూ వెళ్లే దేహానికి ర్యాంకిన్, పూర్తిగా మునిగిన దానికి హావ్‌లాక్. ఏది వాడినా వెనక అంచు దగ్గర కుట్టా నియమం (ప్రవాహం ఆ అంచును నున్నగా వదలాలన్న షరతు), దాని వెనక సుడుల పొర ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకపోతే అలలు చక్కగా వస్తాయి, లిఫ్ట్ మాత్రం రాదు. అలల బొమ్మ అందంగా ఉంటే లిఫ్ట్ కూడా సరైనదేనని నమ్మేయడం మనిషి సహజం.

ఇక ఉచ్చు. వామిట్, నెమో, కాపీటైన్ లాంటి ప్రోగ్రాములు కూడా ప్యానెల్ పద్ధతులే, పేరున్నవే. కానీ అవి నిలబడి ఉన్న వస్తువు మీద సముద్రపు అలలు చూపే బలాల కోసం పుట్టాయి. తేలే వేదికలకు, అలల నుంచి విద్యుత్ తీసే యంత్రాలకు సరిగ్గా అవే కావాలి. ముందుకు దూసుకెళ్లే రెక్క లిఫ్ట్ కోసం వాటిని తీసుకుంటే, పనిముట్టు మంచిదే అయినా పని వేరే.

అల విరిగితే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక చోట ఆగిపోతాయి: అల విరిగినప్పుడు. లోతైన నీటిలో అల ఎత్తు దాని పొడవులో ఏడో వంతుకు చేరితే ఇక నిలబడలేదు. డంకన్ 1983లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో అందరికీ కొలబద్ద. నాకా 0012 అనే ప్రామాణిక రెక్క ఆకారం, 20.3 సెంటీమీటర్ల వెడల్పు, 5 డిగ్రీల కోణం, సెకనుకు 0.8 మీటర్ల వేగం. లోతు తగ్గిస్తూ పోతే మొదటి అల విరగడం మొదలైంది. అంతకంటే ముఖ్యమైనది, ఒక లోతు శ్రేణిలో రెండు స్థితులూ సాధ్యమే. కదిలించకపోతే నున్నని అల అలాగే ఉంటుంది. ఒకసారి ఉపరితలాన్ని చెదరగొడితే విరిగిన అల అక్కడే స్థిరపడుతుంది. ఒకే లోతు, ఒకే వేగం, రెండు వేర్వేరు డ్రాగ్‌లు. మీ సిమ్యులేషన్‌లో రెండు మెష్‌లు (లెక్క కోసం నీటిని విడగొట్టిన గడుల వలలు) రెండు జవాబులిస్తే, రెండూ నిజం కావడానికి అవకాశముంది!

అక్కడ కావాల్సింది నీరు, గాలి రెండింటినీ కలిపి లెక్కించే వీఓఎఫ్ (వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్) పద్ధతి. ప్రతి గడిలో నీరు ఎంత భాగమో గుర్తుపెట్టుకునే ఈ ఆలోచనను హర్ట్, నికల్స్ 1981లో ప్రచురించారు. ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఇంటర్‌ఫోమ్ దీన్నే వాడుతుంది. అల విరగడం, తుంపరలు, స్ట్రట్ (రెక్కను పడవకు కలిపే నిలువు కాలు) వెంట గాలి కిందికి దిగడం, జిగట డ్రాగ్, స్టాల్ (కోణం మరీ పెరిగి లిఫ్ట్ పడిపోవడం): మిగతా పద్ధతులు చెప్పలేనివన్నీ ఇది చెప్పగలదు. దానికి తగ్గ ధర కూడా అడుగుతుంది.

అల పొడవు వెంట కనీసం 40, కుదిరితే 80 గడులు. అల ఎత్తులో 20 దాకా. ఉపరితలం దగ్గర కూరాంట్ సంఖ్య (ఒక్క సమయ అడుగులో ప్రవాహం ఎన్ని గడులు దాటుతుందో చెప్పేది) 0.5 లోపు. వెనక చివర ఒకటి, రెండు అల పొడవుల మేర అలలను మింగేసే ప్రాంతం. అడుగు భాగం అల పొడవులో సగం కంటే లోతుగా ఉండాలి. మన 3 మీటర్ల ఉదాహరణలో ఇదంతా హాయిగా కుదురుతుంది. 8 మీటర్ల దగ్గర చూడండి: అల 41 మీటర్లు, రెక్కను ఆనుకున్న మొదటి గడి మందం, అక్కడి జిగట పొరను పూర్తిగా పట్టుకోవాలంటే, 3 మైక్రాన్లు. ఒకే మెష్ ఈ రెండు చివరలనూ మోయాలి. ఉపరితలం అత్యంత సులువుగా ప్రవర్తించే చోటే బరువైన పద్ధతి అత్యంత ఖరీదు అవుతోంది. ఆ వేగంలో ఏవీఎల్‌కు మైనస్ 1 పెట్టి, స్టాల్ గురించి, గాలి దిగడం గురించి మాత్రమే వీఓఎఫ్‌ను అడగడం నా సలహా.

సమయం విషయంలో నేనొకసారి గట్టిగా దెబ్బతిన్నాను. లోతు నీటిలో మామూలుగా చేసినట్టే, రెక్క 20 వెడల్పుల దూరం వెళ్లాక లిఫ్ట్ నిలకడగా కనిపించి సగటు తీసేశాను. ఆ సంఖ్యతోనే తర్వాతి పనంతా చేశాను. నిజానికి అల శక్తి అల వేగంలో సగం వేగంతోనే కదులుతుంది. వెనక మూడు అలలు పూర్తిగా ఏర్పడాలంటే, 3 మీటర్ల వేగంలో దాదాపు 12 సెకన్లు పడుతుంది, అంటే 70 వెడల్పుల దూరం. నేను ఆపిన చోట అల ఇంకా పుడుతూనే ఉంది. లిఫ్ట్ నిలకడగా ఉందని కాదు, చాలా నెమ్మదిగా మారుతోందని అర్థం. లిఫ్ట్ గ్రాఫ్ ఒక్కటే కాకుండా, వెనక రెండో అల శిఖరం ఎత్తు గ్రాఫ్ కూడా పక్కనే గీసుకోండి. అది నిలిచాకే సగటు.

నీటి మీద జారే పడవల్లో ఇంకో టెన్షన్ ఉంది. గాలి, నీరు కలిసిన గడులు దేహం అడుగు కిందికి పాకి, ఘర్షణను దొంగతనంగా తగ్గించేస్తాయి. అడుగు భాగంలో నీటి వాటా బొమ్మ చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది, చూడకపోతే పడవ ఎంతో బాగుందనిపిస్తుంది. అలాంటి పడవకు సావిట్‌స్కీ 1964లో ఇచ్చిన సూత్రాలు ముందుగా వాడండి. బరువు, వేగం, అడుగు వాలు లాంటివి ఇస్తే ట్రిమ్ (పడవ ముందు వెనకల వంపు), నిరోధం రెండూ ఇస్తాయి. వీఓఎఫ్ జవాబు వాటికి మరీ దూరంగా ఉంటే అనుమానించాల్సింది ముందు మెష్‌నే.

మెష్ లేకుండా నీటిని కణాలుగా చూసే ఎస్‌పీహెచ్ పద్ధతి గురించి తరచూ అడుగుతారు. దేహం నీటిని ఠపీమని కొట్టే సందర్భానికి, పెద్ద తుంపరలకు అది బాగుంటుంది. స్థిరంగా వెళ్లే రెక్క లిఫ్ట్ కోసం నేను దాన్ని ఎంచుకోను. రెక్కను ఆనుకున్న పలుచని జిగట పొరను, పదునైన వెనక అంచును పట్టుకోవడానికి కావాల్సినన్ని కణాలు పెట్టేలోపు వీఓఎఫ్ పని ముగిసిపోతుంది.

లాగుడు ట్యాంక్ (మోడల్‌ను నీటిలో లాగి కొలిచే పొడవాటి తొట్టి) ప్రయోగం అందుబాటులో ఉంటే వదులుకోవద్దు. కాకపోతే అది కూడా ఒక నమూనానే అని గుర్తుంచుకోండి. పదో వంతు మోడల్‌ను ఫ్రౌడ్ సంఖ్య సరిపోయేలా లాగితే అలలు సరిగ్గా వస్తాయి, రెనాల్డ్స్ సంఖ్య (జిగట ప్రభావం ఎంతో చెప్పేది) మాత్రం సుమారు 32 రెట్లు పడిపోతుంది. అలల లెక్కకు ఆ ఫలితం నమ్మొచ్చు. స్టాల్ కోణానికి నమ్మలేం. గాలి పీడనం కూడా పదో వంతుకు తగ్గదు కాబట్టి, గాలి ఎప్పుడు కిందికి దిగుతుంది, బుడగలు ఎప్పుడు పుడతాయి అన్న ప్రశ్నలకు మామూలు ట్యాంక్ నేరుగా జవాబివ్వదు.

రెండు పద్ధతులు పొసగనప్పుడు

ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఒక రోజు రెండు లెక్కలు వేర్వేరు జవాబులిస్తాయి. అప్పుడు నేను చేసే మొదటి పని, వస్తువును లోతుకు దించడం. రెక్క పొడవుకు రెండింతల లోతులో, అదే వేగంతో రెండు పద్ధతుల్లోనూ మళ్లీ నడుపుతాను. అక్కడ ఉపరితలం పాత్ర దాదాపు ఉండదు, కాబట్టి రెండూ లోతు నీటి రెక్క జవాబుకే రావాలి. రాకపోతే తేడా ఉపరితలంలో లేదు, రెక్కలోనే ఉంది: మెష్, కుట్టా నియమం, కోణం, ఇంకేదైనా. వస్తే మెల్లగా నాలుగైదు మెట్లలో పైకి తెస్తాను. రెండు గీతలు ఏ లోతులో విడిపోతున్నాయో చూసి, సరిగ్గా ఆ లోతులో అల ఎత్తును పొడవుతో భాగిస్తాను. ఏడో వంతుకు దగ్గరపడుతోంటే ప్యానెల్ జవాబును పక్కన పెడతాను. దానికి చాలా తక్కువగా ఉండి కూడా విడిపోతోంటే, వీఓఎఫ్ మెష్‌ను ఉపరితలం దగ్గర రెట్టింపు సన్నగా చేసి, ఈసారి రెండో అల నిలిచేదాకా ఆగుతాను.